ఫైల్ ఎదురుగానే ఉంది, మరి దొరకలేదంటుందేంటి?

ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తాం. చక్రం రెండు చుట్లు తిరుగుతుంది. ప్రోగ్రామ్ తెరుచుకోదు, బదులుగా ఓ చిన్న పెట్టె వస్తుంది: "ద సిస్టమ్ కెనాట్ ఫైండ్ ద ఫైల్ స్పెసిఫైడ్." నిన్న రాత్రి దాకా శుభ్రంగా పనిచేసిన ప్రోగ్రామే. అనుమానం వచ్చి ఫోల్డర్ తెరిచి చూస్తే ఫైల్ అక్కడే ఉంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది దీని వరస అనిపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది ఒకటే, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. ఒక్కోసారి కుదురుతుంది కూడా. కానీ ఎందుకు కుదిరిందో తెలియదు కాబట్టి, నెల తర్వాత అదే పెట్టె కనిపిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. నేను చూసినంతలో ఈ ఎర్రర్ వచ్చినప్పుడు ఫైల్ నిజంగా పోయిన సందర్భాలు తక్కువే. ఫైల్ ఉన్నది ఒకచోట, కంప్యూటర్ వెతికింది ఇంకోచోట. లేదా మనం అనుకుంటున్న ఫైల్ ఒకటి, అది అడిగిన ఫైల్ మరొకటి. అందుకే "ఫైల్ ఎక్కడుంది?" అనే ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఎవరు వెతికారు, ఏ పేరుతో వెతికారు, ఎక్కడ నిలబడి వెతికారు? ఇవీ అడగాల్సినవి.

మెసేజ్ మింగేసిన సగం

ఏ ప్రోగ్రామైనా ఫైల్‌ను తనంతట తాను తెరవలేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. దొరక్కపోతే సిస్టమ్ ఒక నంబరు చేతిలో పెట్టి ఊరుకుంటుంది. విండోస్‌లో ఆ నంబరు 2 అయితే ఫైల్ దొరకలేదని, 3 అయితే పాత్, అంటే ఫైల్‌కు చేర్చే డ్రైవ్, ఫోల్డర్ల దారి దొరకలేదని. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ రెండింటికీ కలిపి 2 నంబరే. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అన్న మాట దాని నుంచే వస్తుంది.

విండోస్ చూపించే ఈ 2, 3 తేడా చాలా శ్రమ తగ్గిస్తుంది. డి:\పనులు\లెక్కలు\జాబితా అనే ఫైల్ కావాలనుకుందాం. పనులు, లెక్కలు అనే రెండు ఫోల్డర్లూ ఉండి, చివరి జాబితా ఒక్కటే లేకపోతే వచ్చేది 2. మధ్యలో లెక్కలు ఫోల్డరే లేకపోయినా, అసలు డి డ్రైవే కనిపించకపోయినా వచ్చేది 3. అంటే 3 వచ్చినప్పుడు ఫైల్ పేరులో స్పెల్లింగ్ చూసుకుంటూ కూర్చోవడం దండగ. ముందు దారి సరిచూడాలి. 80070002, 80070003 లాంటి పొడవాటి కోడ్‌లు చూసి టెన్షన్ పడక్కర్లేదు. వాటి చివర ఉన్నది ఈ 2, 3 అంకెలే.

చిక్కేమిటంటే, ఈ నంబరు అందుకున్న ప్రోగ్రామ్ దాన్ని తన మాటల్లోకి మార్చి మనకు చూపిస్తుంది. ఆ మార్చడంలో అసలు ఏ పాత్‌లో వెతికిందో చాలాసార్లు రాలిపోతుంది. ఏ ఫైలో చెప్పకుండా "ఫైల్ దొరకలేదు" అని మెసేజ్ రాసే ప్రోగ్రామర్లను నేను ఇప్పటికీ క్షమించలేదు. అయినా ఉన్నంతలో పూర్తి మెసేజ్ దాచుకోవడం మంచిది. విండోస్ మామూలు మెసేజ్ పెట్టె తెరిచి ఉండగా కంట్రోల్, సి కలిపి నొక్కితే అందులోని అక్షరాలన్నీ కాపీ అవుతాయి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి ఒక్కో అక్షరం చదవండి. కంగారులో పెట్టెను మూసేసి "ఏదో ఫైల్ అంది" అని గుర్తుచేసుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

చీటీ పాతది, ఇల్లు మారింది

డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ ప్రోగ్రామ్ కాదు, ప్రోగ్రామ్ అడ్రస్ రాసిన చీటీ. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళితే 'టార్గెట్' అనే గడిలో ఆ అడ్రస్ కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌ను ఇంకో ఫోల్డర్‌లోకి జరిపితే కొత్త చోటును కనిపెట్టే తెలివి విండోస్‌కు కొంతవరకు ఉంది. అప్‌డేట్‌లో పాత వెర్షన్ నంబరున్న ఫోల్డర్ పోయి కొత్త నంబరుతో ఇంకో ఫోల్డర్ వచ్చినా, పెన్‌డ్రైవ్ నిన్న ఇ అక్షరంతో వచ్చి ఇవాళ ఎఫ్‌తో వచ్చినా ఆ తెలివి సరిపోకపోవచ్చు. ఎప్పుడూ తగిలించే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి దానికి ఒక అక్షరం స్థిరంగా ఇచ్చేయొచ్చు. జెడ్‌కు దగ్గర్లోని అక్షరమైతే మిగతా వాటితో గొడవ రాదు.

ఇంకో మార్పు చప్పుడు చేయకుండా జరుగుతుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల అసలు చిరునామా మారి, మీ యూజర్ ఫోల్డర్‌లోని వన్‌డ్రైవ్ ఫోల్డర్ కిందికి వెళుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం డాక్యుమెంట్స్ అనే పేరు ఎప్పట్లాగే ఎడమ పక్కన ఉంటుంది. మన కంటికి ఏమీ మారలేదు. పాత అడ్రస్‌ను తన సెట్టింగ్స్‌లో అక్షరం అక్షరం రాసిపెట్టుకున్న ప్రోగ్రామ్‌కు మాత్రం ఇల్లు మాయమైంది. పైన అడ్రస్ గడిలో ఖాళీ చోట క్లిక్ చేస్తే పూర్తి పాత్ బయటపడుతుంది.

షార్ట్‌కట్ విషయం తేలడానికి ఒక నిమిషం చాలు. దాన్ని పక్కనపెట్టి అసలు ఫోల్డర్‌లోకి వెళ్లి ప్రోగ్రామ్ ఫైల్‌నే నేరుగా నడిపించి చూడండి. తెరుచుకుంటే తప్పు చీటీదే. తీసేసి కొత్తది చేసుకోండి, ఇన్‌స్టాలర్ జోలికి వెళ్లక్కర్లేదు.

ఫైల్ లేకపోవడమే మంచిదైన చోట

కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ, మనం ఏమీ నొక్కకుండానే 'రన్‌డీఎల్ఎల్' పేరుతో ఒక పెట్టె వచ్చి "ద స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్" అంటే, అది వేరే కేసు. ఇక్కడ ఫైల్ నిజంగానే లేదు. యాంటీవైరస్ దాన్ని పట్టుకెళ్లి ఉంటుంది, లేదా అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఫైల్ పోయి, లాగిన్ కాగానే దాన్ని నడిపించమన్న ఆదేశం మాత్రం మిగిలిపోయి ఉంటుంది. పోయిన ఫైల్‌ను నెట్‌లో వెతికి తెచ్చిపెడదామనుకోవడం దొంగను మళ్లీ ఇంటికి పిలవడమే కావచ్చు. తీసేయాల్సింది ఆ ఆదేశాన్ని. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌లో కనిపించకపోతే, చెప్పిన టైముకు ప్రోగ్రాములు నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో చూడాలి. అక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఆటోరన్స్ అని ఒకటుంది. ఫైల్ లేని ఎంట్రీలను అది పసుపు రంగులో చూపిస్తుంది. నేరుగా డిలీట్ చేసేయకుండా ముందు టిక్ తీసి, రీస్టార్ట్ చేసి, ఒకటి రెండు రోజులు చూడటం నా పద్ధతి.

ఎక్కడ నిలబడి వెతికింది?

ఎవరైనా "పక్క వీధిలో మూడో ఇల్లు" అని చెబితే, అది ఏ ఇల్లన్నది మనం ఏ వీధిలో నిలబడి ఉన్నామన్న దాన్ని బట్టి మారుతుంది. పాత్‌లూ అంతే. సి:\ అని డ్రైవ్ పేరుతోనో, లినక్స్‌లో ముందుకు వాలిన గీత (/)తోనో మొదలైతే అది పూర్తి చిరునామా. 'డేటా\జాబితా' అని మాత్రమే ఉంటే, "నేనున్న చోటు నుంచి డేటా ఫోల్డర్‌లోకి వెళ్లి" అని అర్థం. ఆ 'నేనున్న చోటు'నే వర్కింగ్ డైరెక్టరీ అంటారు. ప్రోగ్రామ్ ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో అదే దాని వర్కింగ్ డైరెక్టరీ అని మనం అనుకుంటాం. ఈ అనుకోవడమే సగం గొడవలకు మూలం. ప్రోగ్రామ్‌ను ఎవరు మొదలుపెట్టారో వాళ్లు ఎక్కడ నిలబెడితే అది అక్కడ నిలబడుతుంది.

నాకు ఇది తెలిసొచ్చింది ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్ వల్ల. పక్కనే ఉన్న జాబితా ఫైల్ చదివి, కొన్ని ఫోల్డర్లను బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ అది. చేత్తో నడిపితే ఎప్పుడూ ఆగలేదు. రాత్రిపూట దానంతటదే నడవాలని టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే, పొద్దున చూసేసరికి ఫెయిల్. పగలు చేత్తో నడిపితే మళ్లీ పనిచేస్తుంది. పర్మిషన్లు మార్చాను, అడ్మిన్‌గా నడిపాను, చివరికి నిద్ర మానుకుని ఆ టైముకు ఎదురుగా కూర్చున్నాను కూడా. చేసింది తెలివైన పని కాదు. మూడో రోజు ప్రోగ్రామ్ మొదట్లో ఒక్క లైను చేర్చాను, నువ్వు ఏ ఫోల్డర్‌లో ఉన్నావో లాగ్‌లో రాయమని. తెల్లారి లాగ్‌లో ఉన్న జవాబు: సి:\విండోస్\సిస్టమ్32. షెడ్యూలర్‌కు వేరే చోటు చెప్పకపోతే ప్రోగ్రామ్‌ను నిలబెట్టేది అక్కడే. పాపం అది రోజూ రాత్రి సిస్టమ్ ఫోల్డర్‌లో నా జాబితా కోసం వెతుక్కుంటోంది.

మందు ఆ టాస్క్ సెట్టింగ్స్‌లోనే ఉంది. 'స్టార్ట్ ఇన్' అనే గడి పక్కన ఆప్షనల్ అని రాసి ఉంటుంది కాబట్టి అందరం ఖాళీగా వదిలేస్తాం. అక్కడ ఫోల్డర్ పాత్ ఇస్తే పని అయిపోతుంది. ఒక మెలిక ఉంది. ప్రోగ్రామ్ పాత్‌కు కొటేషన్ మార్కులు పెట్టొచ్చు, ఈ గడిలో మాత్రం పెట్టకూడదు. ప్రోగ్రామ్ రాసేది మీరే అయితే ఇంకా మంచి దారి, ప్రోగ్రామ్ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ను కోడ్‌లోనే కనుక్కుని, అక్కడి నుంచి పూర్తి పాత్ కట్టుకోవడం. లినక్స్‌లో టైము ప్రకారం పనులు నడిపించే క్రాన్‌తోనూ ఇదే తంటా.

ఇదే జబ్బు జిప్ ఫైళ్లలో ఇంకో రూపంలో వస్తుంది. డౌన్‌లోడ్ చేసిన జిప్‌ను విప్పకుండా, లోపలికి తొంగిచూసి అక్కడి ప్రోగ్రామ్ మీద నేరుగా డబుల్ క్లిక్ చేస్తాం. విండోస్ ఆ ఒక్క ఫైల్‌నే ఏదో టెంపరరీ ఫోల్డర్‌లోకి తీసి నడిపిస్తుంది. దానికి కావాల్సిన తోటి ఫైళ్లన్నీ జిప్‌లోనే ఉండిపోతాయి. మన కంటికి అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, నడుస్తున్న ప్రోగ్రామ్ చుట్టూ మాత్రం ఏమీ లేదు. 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' చేసి ఆ తర్వాత నడపాలి. మ్యాక్‌లో దీనికి చుట్టం లాంటిది 2016లో వచ్చిన సియెర్రా వెర్షన్‌తో మొదలైంది. డౌన్‌లోడ్స్ నుంచి నేరుగా తెరిచిన యాప్‌ను సిస్టమ్ భద్రత కోసం ఏదో గుర్తుతెలియని చోట పెట్టి నడిపించవచ్చు. అప్పుడు పక్కనున్న ఫైళ్లు దానికి కనబడవు. యాప్‌ను ఫైండర్‌లో లాగి అప్లికేషన్స్ ఫోల్డర్‌లో వేస్తే సర్దుకుంటుంది.

పేరు చెప్పి పిలిస్తే ఎవరు పలుకుతారు?

కమాండ్ విండోలో పూర్తి చిరునామా లేకుండా ఉత్త 'పైథాన్' అని టైప్ చేసినప్పుడు, కంప్యూటర్ డిస్క్ మొత్తం గాలించదు. ప్రోగ్రాములన్నీ చూసుకునే సెట్టింగ్‌లను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. వాటిలో పాత్ అనే పేరున్న దానిలో కొన్ని ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉంటాయి. విండోస్‌లో వాటి మధ్య సెమీకోలన్, లినక్స్, మ్యాక్‌లలో కోలన్. ఆ వరుసలోనే వెతికి, మొదట దొరికినదాన్ని నడిపిస్తుంది. ఏ ఫోల్డర్‌లోనూ లేకపోతే "కమాండ్ నాట్ ఫౌండ్". పాత కమాండ్ ప్రాంప్ట్ మాత్రం ఆ వరుస కంటే ముందు, మనం ఉన్న ఫోల్డర్‌ను కూడా చూస్తుంది. విండోస్‌లోని కొత్త కమాండ్ విండో పవర్‌షెల్, లినక్స్‌లో కమాండ్‌లు అందుకునే షెల్‌లు చూడవు. అందుకే ప్రోగ్రామ్ కళ్లెదుటే ఉన్నా, ముందు చుక్కా గీతా పెట్టి పిలిస్తేనే అక్కడ పలుకుతుంది.

కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేసి, పాత్‌లో ఫోల్డర్ చేర్చి, అయినా "నాట్ ఫౌండ్" వస్తే ముందు ఆ కమాండ్ విండో మూసి కొత్తది తెరవండి. ఏ ప్రోగ్రామైనా పుట్టేటప్పుడే తనను పుట్టించిన దాని నుంచి పాత్ లిస్ట్‌ను కాపీ చేసుకుంటుంది. ఆ తర్వాత మనం సెట్టింగ్స్‌లో ఏం మార్చినా పాత విండోకు తెలియదు. కోడ్ ఎడిటర్ లోపలి టెర్మినల్ అయితే ఎడిటర్‌నే మూసి తెరవాలి. పాత్ మార్చడానికి 'సెట్ఎక్స్' కమాండ్ వాడమని చాలాచోట్ల రాస్తారు. అది 1024 అక్షరాలు దాటిన విలువను అక్కడికి కత్తిరించేస్తుంది. పొడవాటి పాత్ మీద వాడితే చివరి ఫోల్డర్లన్నీ గల్లంతై, సంబంధం లేని నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి మూలపడతాయి. సెట్టింగ్స్ విండోలోనే చేర్చుకోవడం క్షేమం.

తప్పు మనిషి పలకడం కూడా మామూలే. విండోస్‌లో పైథాన్ ఇన్‌స్టాల్ చేయకుండానే 'పైథాన్' అని కొడితే స్టోర్ తెరుచుకోవచ్చు. అక్కడ ఆ పేరుతో ఉన్నది ఉత్త బోర్డు, షాపు లేదు. ఒక్కోసారి అసలు పైథాన్ వేశాక కూడా ఆ బోర్డే ముందు వరుసలో ఉండి అడ్డం పడుతుంది. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ అలియాసెస్ అనే చోట దాన్ని ఆఫ్ చేయొచ్చు. ఎవరు పలుకుతున్నారో తేల్చుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్', పవర్‌షెల్‌లో 'గెట్-కమాండ్' వెనుక మైనస్ ఆల్, లినక్స్‌లో 'టైప్' వెనుక మైనస్ ఎ పెట్టి, ఆ తర్వాత ప్రోగ్రామ్ పేరు ఇవ్వండి. పాత్‌లో దొరికేవి ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. పవర్‌షెల్‌లో ఉత్త 'వేర్' అంటే వేరే అర్థం, దాన్ని నమ్మి మోసపోవద్దు.

బ్రౌజర్ పేరును విండోస్ కీ, ఆర్ నొక్కి వచ్చే రన్ పెట్టెలో కొడితే తెరుచుకుంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో కొడితే తెలియదంటుంది. ఎందుకంటే రన్ పెట్టె, విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలోని 'యాప్ పాత్స్' అనే మరో పట్టీని కూడా చూస్తుంది, కమాండ్ ప్రాంప్ట్ చూడదు. లినక్స్‌లో ఎక్కువగా వాడే బ్యాష్ షెల్ తీరు ఇంకోలా ఉంటుంది. ఒకసారి దొరికిన ప్రోగ్రామ్ చోటును అది గుర్తుపెట్టుకుని, ప్రోగ్రామ్‌ను ఇంకోచోటికి మార్చినా పాత చోటికే వెళ్లి లేదంటుంది. 'హ్యాష్' కమాండ్ వెనుక మైనస్ ఆర్ కొడితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది.

పేరులోనే ఉన్న తిరకాసు

ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్ పేరులో మధ్య ఖాళీ ఉంది. కొటేషన్ మార్కులు లేకుండా ఆ పాత్ ఇస్తే, 'సి:\ప్రోగ్రామ్' దగ్గరే పేరు అయిపోయిందని కమాండ్ ప్రాంప్ట్ అనుకుంటుంది. ఎర్రర్‌లో మీ పాత్ అర్ధాంతరంగా తెగి, మొదటి ఖాళీ దగ్గరే ఆగి కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు, కొటేషన్లు పెట్టండి. అవి కూడా కీబోర్డ్ మీద నేరుగా కొట్టినవే అయుండాలి. డాక్యుమెంట్ల నుంచి, చాట్‌ల నుంచి కాపీ చేసిన వంపు కొటేషన్లను కమాండ్‌లు కొటేషన్లుగా లెక్కచేయకపోవచ్చు.

కోడ్ రాసేవాళ్లకు బ్యాక్‌స్లాష్ ఇంకో ఉచ్చు. పైథాన్ లాంటి భాషల్లో బ్యాక్‌స్లాష్ తర్వాత ఎన్ వస్తే కొత్త లైను, టి వస్తే ట్యాబ్. ఎన్‌తో మొదలయ్యే 'న్యూ' అనే ఫోల్డర్, టితో మొదలయ్యే 'టేబుల్' అనే ఫైల్ ఉన్న పాత్‌ను మామూలు స్ట్రింగ్‌గా రాస్తే, సిస్టమ్‌కు చేరేది మధ్యలో లైను విరిగి, ట్యాబ్ దూరిన వింత పేరు. బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలి, లేదా స్ట్రింగ్ ముందు ఆర్ అక్షరం పెట్టాలి. ముందుకు వాలిన గీత వాడినా విండోస్‌లో చాలావరకు నడుస్తుంది.

కంటికి కనిపించని అక్షరాలు మరీ ఘోరం. విండోస్‌లో ఫైల్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ ట్యాబ్ నుంచి పాత్ కాపీ చేస్తే, దాని ముందు కనిపించని ఒక గుర్తు అంటుకుని వస్తుంది. అక్షరాల దిశ చెప్పే గుర్తు అది. స్క్రీన్ మీద రెండు పాత్‌లూ అచ్చం ఒకేలా ఉంటాయి, ఒకటి పనిచేస్తుంది, రెండోది చేయదు. అనుమానం వస్తే మొదటి అక్షరం ముందు కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొట్టండి, లేదా మొత్తం చేత్తో టైప్ చేయండి. తెలుగులో పేర్లు పెట్టిన ఫోల్డర్లలోనూ ఇలాంటి కనబడని గుర్తులు పొల్లు అక్షరాల వెనుక నక్కి ఉండొచ్చు. పైగా అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతి తెలియని పాత ప్రోగ్రాములకు తెలుగు పేరంటే వరుసగా ప్రశ్నార్థకాలే. అలాంటి ప్రోగ్రామ్ మొరాయిస్తే ఫోల్డర్‌ను ఇంగ్లిష్ పేరుతో, డ్రైవ్‌లో పైపైనే పెట్టి చూడటం నామోషీ ఏమీ కాదు.

విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టింపు మామూలుగా లేదు, లినక్స్‌లో ఉంది. విండోస్‌లో రాసిన ప్రోగ్రామ్ సర్వర్ మీదికి వెళ్లగానే ఫైల్ లేదనడానికి ఇది చాలా తరచుగా కనిపించే కారణం. పొడవు సంగతి కూడా చూసుకోవాలి. విండోస్‌లో పాత్ మొత్తం 260 అక్షరాలకు మించకూడదన్న పాత హద్దు ఉంది. విండోస్ 10లోని 1607 వెర్షన్ నుంచి దాన్ని సడలించే సెట్టింగ్ వచ్చింది, కానీ ప్రోగ్రామ్ కూడా అందుకు సిద్ధమై ఉంటేనే ఫలితం. ఫోల్డర్‌లో ఫోల్డర్‌గా పది మెట్లు దిగిన ప్రాజెక్ట్‌ను పైకి జరిపి చూడటం తేలిక.

అడిగింది దీన్ని కాదు, దీని తోడును

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. మెసేజ్‌లో ఉన్న ఫైల్ ఉంటుంది, పాత్ సరైనదే, పేరూ సరైనదే. లేనిది దానికి కావాల్సిన ఇంకో ఫైల్.

లినక్స్‌లో ఒక స్క్రిప్ట్‌ను, అంటే కమాండ్‌లు రాసిపెట్టిన టెక్స్ట్ ఫైల్‌ను నడిపిస్తే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటుంది. లిస్ట్ చేస్తే ఫైల్ ఉంది. చదివితే చదవగలుగుతున్నాం. అసలు విషయం మొదటి లైనులో ఉంటుంది. హ్యాష్, ఆశ్చర్యార్థకం పెట్టి, ఈ స్క్రిప్ట్‌ను నడిపించాల్సిన ప్రోగ్రామ్ ఎక్కడుందో అక్కడ రాస్తారు. ఆ చోట ఆ ప్రోగ్రామ్ లేకపోతే నింద స్క్రిప్ట్ మీద పడుతుంది. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్ట్ అయితే ప్రతి లైను చివరా కనిపించని ఒక అక్షరం అదనంగా ఉంటుంది. లినక్స్ దాన్ని కూడా పేరులో భాగం అనుకుని 'బ్యాష్' బదులు తోకున్న బ్యాష్ కోసం వెతుకుతుంది. మెసేజ్‌లో పేరు చివర టోపీ గుర్తు, ఎం అక్షరం కనిపిస్తే అదే. 'డాస్2యునిక్స్' అనే చిన్న టూల్ ఆ తోకలు కత్తిరిస్తుంది. కంపైల్ చేసిన ప్రోగ్రాముల్లోనూ ఇంతే. తనను మెమరీలోకి ఎక్కించే లోడర్ అనే ప్రోగ్రామ్ పాత్ వాటిలో చాలావాటిలో రాసి ఉంటుంది. 64 బిట్ సిస్టమ్ మీద 32 బిట్ లోడర్ లేకపోయినా, వేరే సీ లైబ్రరీ వాడే ఆల్పైన్ లినక్స్ మీద మామూలు లినక్స్ ప్రోగ్రామ్ పెట్టినా, ఎదురుగా ఉన్న ఫైలే లేదంటుంది. 'ఫైల్' అనే కమాండ్‌కు ఆ ప్రోగ్రామ్ పేరు ఇస్తే ఏ లోడర్ కావాలో చెబుతుంది. ఏ లైబ్రరీ లేదో 'ఎల్‌డీడీ' చూపిస్తుంది.

విండోస్‌లో ఈ తోడు ఫైళ్లే డీఎల్ఎల్‌లు. సాధారణంగా ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లో మొదట వెతికి, తర్వాత సిస్టమ్ ఫోల్డర్లలో, చివరగా పాత్ లిస్ట్‌లో చూస్తుంది. ఎ అనే డీఎల్ఎల్‌కు బి కావాలనుకోండి. బి లేకపోయినా మెసేజ్ కొన్నిసార్లు ఎ పేరే చెబుతుంది. ఎ ఎదురుగా ఉంటుంది, మనకు పిచ్చెక్కుతుంది. పైథాన్‌లో "డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్" అని వచ్చేవాటిలో చాలా వరకు ఈ రకమే. డిపెండెన్సీస్ అనే ఉచిత టూల్‌లో ఎను తెరిస్తే, కింద బి దగ్గర లోటు కనిపిస్తుంది.

పోయిన డీఎల్ఎల్ పేరు వెతికితే "ఇక్కడ డౌన్‌లోడ్ చేసుకోండి" అనే సైట్లు వరసగా వస్తాయి. వద్దు. ఆ ఫైల్ ఎవరు చేసిందో, ఏ వెర్షనో, లోపల ఏముందో తెలియదు. డీఎల్ఎల్‌లు గుంపుగా వస్తాయి కాబట్టి ఒకటి తెస్తే ఇంకోటి అడుగుతుంది. వీసీరన్‌టైమ్140, ఎంఎస్‌వీసీపీ140 లేవంటే మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకోవాలి. సిస్టమ్ 64 బిట్ అయినా ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే 32 బిట్ ప్యాకేజీ కావాలి, అందుకే రెండూ వేసుకోవడం మేలు. డైరెక్ట్ఎక్స్ 9కి చెందిన డీ3డీఎక్స్9 పేర్లు కనిపిస్తే, 2010 జూన్‌నాటి డైరెక్ట్ఎక్స్ రన్‌టైమ్ ప్యాకేజీతో తీరుతుంది.

32, 64 మాట వచ్చింది కాబట్టి ఒక విచిత్రం చెప్పాలి. 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్ ఫైళ్లు సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని పేర్లు అలాగే ఉంచేశారు. పైగా 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32 అని అడిగితే, విండోస్ దాన్ని చడీచప్పుడు లేకుండా సిస్‌వావ్64కు మళ్లిస్తుంది. మీరు ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే ఫైల్ ఉంది, 32 బిట్ ప్రోగ్రామ్ చూస్తే లేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఊహలు మానేసి వెనకాలే వెళ్లడం

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే ఒక్కటి నేర్చుకోండి. ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ను ఎక్కడ అడిగిందో నేరుగా చూడొచ్చు. విండోస్‌లో దానికి ప్రాసెస్ మానిటర్ ఉంది. ఇదీ సిస్‌ఇంటర్నల్స్‌దే. తెరిచి, ఫిల్టర్‌లో మీ ప్రోగ్రామ్ పేరు ఇచ్చి, ప్రోగ్రామ్ నడిపి, ఎర్రర్ పెట్టె రాగానే రికార్డింగ్ ఆపాలి. రిజల్ట్ అనే కాలమ్‌లో 'నేమ్ నాట్ ఫౌండ్' అంటే పైన చెప్పిన 2, 'పాత్ నాట్ ఫౌండ్' అంటే 3. మొదటిసారి చూసేవాళ్లు వందల కొద్దీ 'నేమ్ నాట్ ఫౌండ్'లు చూసి కంగారుపడతారు. నాలుగు చోట్ల వెతికి ఐదో చోట దొరికించుకోవడం ప్రోగ్రాములకు మామూలే. అందుకే పైనుంచి కాదు, కిందనుంచి, అంటే ఎర్రర్ పెట్టె వచ్చిన క్షణం నుంచి వెనక్కి చదవాలి. ఎక్కడా దొరక్కుండానే మిగిలిపోయిన పేరు మనకు కావాలి. లినక్స్‌లో ఇదే పని 'ఎస్‌ట్రేస్' చేస్తుంది.

ఒక ప్రోగ్రామ్ తన సెట్టింగ్స్ ఫైల్ లేదంటూ మొదలవ్వనంటే, నేను ఫోల్డర్ మార్చి, ఫైల్‌ను మళ్లీ సృష్టించి, దాని పేరును మూడుసార్లు చేత్తో టైప్ చేశాను. తర్వాత ప్రాసెస్ మానిటర్ పెట్టాను. చివరి నుంచి ఆరో లైనులో పూర్తి పాత్: నేను ఫైల్ పెట్టిన ఫోల్డరే, నేను పెట్టిన పేరే, చివర డాట్ ఐఎన్ఐ. పక్కన నేమ్ నాట్ ఫౌండ్. ఆ లైనును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టాను. దాని కిందే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్‌కు వెళ్లి 'డిఐఆర్' కొడితే వచ్చిన లైనును అతికించాను. రెండోదానిలో ఫైల్ పేరు నాలుగు అక్షరాలు పొడుగుంది. నోట్‌ప్యాడ్ సేవ్ చేసేటప్పుడు చివర డాట్ టీఎక్స్‌టీ తగిలించింది, తెలిసిన ఎక్స్‌టెన్షన్లు దాచే అలవాటున్న ఎక్స్‌ప్లోరర్ దాన్ని నాకు చూపించలేదు. వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టి, ఆ నాలుగు అక్షరాలు చెరిపాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది. కొత్త కంప్యూటర్ చేతికొస్తే ఇప్పుడు నేను పెట్టే మొదటి టిక్ అదే.